పేరు మనిషిని మలుస్తుందా?

బిడ్డ పుట్టిన ఏడో రోజున అఖీఖా చేసి పేరు పెట్టే ఇళ్ళలో ఈ రోజుల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "మన చుట్టాల్లో, పేటలో ఎవరికీ లేని పేరు కావాలి" అన్నదే ఆ మాట. పూర్వం తాత పేరో, ఒక ప్రవక్త పేరో పెట్టుకుని తృప్తిపడేవారు. ఇప్పుడు తల్లిదండ్రులు అరబీ పదాల జాబితాలు తిరగేసి, చెవికి కొత్తగా వినిపించిన పేరును ఎంచుకుంటున్నారు. అర్థం గురించి ఆలోచన తరువాత వస్తుంది, ఒక్కోసారి అసలే రాదు.

అవే ఇళ్ళలో వినిపించే మాట మరొకటి ఉంది. బిడ్డ మాటిమాటికీ జబ్బు పడుతుంటే, లేదా ఎవరి మాటా వినని మొండివాడిగా తయారైతే, పెద్దవాళ్ళు "వాడికి పేరు భారీ పడింది, మార్చండి" అంటారు. ఆ పేరు మోయలేకే బిడ్డ ఇలా అయిపోయాడని వారి నమ్మకం.

మొదటి మాట అనేవారికి పేరంటే శబ్దం మాత్రమే. రెండో మాట అనేవారికి పేరంటే తలరాత. ఇస్లాం ఈ రెంటిలో దేన్ని సమర్థిస్తుంది? పేరుకూ మనిషి స్వభావానికీ నిజంగా సంబంధం ఉందా? ఉంటే అది ఎలాంటి సంబంధం? ఈ ప్రశ్నలను పరిశీలించడానికి హదీసు గ్రంథాలలో కనిపించే ఒక అరుదైన పేరు ఎంతో ఉపయోగపడుతుంది. ఆ పేరు 'హజ్న్'.

హజ్న్ అంటే ఏమిటి?

అరబీ భాషలో హజ్న్ అంటే రాళ్ళతో, ఎగుడుదిగుళ్ళతో నిండి నడవడానికి కష్టమైన కరుకు నేల. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పదం 'సహ్ల్'. అంటే చదునుగా, మెత్తగా ఉండి నడకకు తేలికైన నేల. సులభం అనే అర్థం కూడా దీనికి ఉంది. దుఃఖం అనే అర్థమిచ్చే 'హుజ్న్' కూడా ఇవే అక్షరాలతో వ్రాయబడుతుంది. తేడా అంతా మొదటి అక్షరం మీది గుర్తులోనే ఉంది. హజ్రత్ ఖదీజా (రజి), అబూ తాలిబ్ మరణించిన సంవత్సరాన్ని దుఃఖ సంవత్సరమని పిలిచినప్పుడు వాడేది ఆ హుజ్న్ అనే పదాన్నే. మనం చెప్పుకుంటున్న పేరు మాత్రం నేలకు సంబంధించినది.

ఎడారి జీవితం గడిపిన అరబ్బులు తమ కొడుకులకు ఇలాంటి కరకు పేర్లు పెట్టుకోవడం వింత కాదు. రాయి అని అర్థమొచ్చే సఖర్, యుద్ధం అని అర్థమొచ్చే హర్బ్, చేదు అని అర్థమొచ్చే ముర్రా వంటి పేర్లు వారిలో ఉండేవి. శత్రువులు వింటేనే జంకాలన్నది వారి ఆలోచన.

ఖురైష్ తెగలోని మఖ్‌జూమ్ వంశానికి చెందిన అబూ వహబ్ తన కొడుకుకు హజ్న్ అని పేరు పెట్టాడు. ఆ హజ్న్ (రజి) ఇస్లాం స్వీకరించి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చినప్పుడు జరిగిన సంభాషణను ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ 'సహీహ్'లో పొందుపరిచారు. దైవప్రవక్త (స) ఆయన పేరు అడిగారు. హజ్న్ అని చెప్పగా, ఇకమీదట నీవు సహ్ల్‌వి అన్నారు. అందుకు ఆయన, తన తండ్రి పెట్టిన పేరును మార్చుకోనని బదులిచ్చారు.

అబూ దావూద్ (రహ్మ) ఉల్లేఖనంలో ఆయన చెప్పిన కారణం మరో విధంగా ఉంది. మెత్తని నేలను అందరూ తొక్కుతారు, చులకన చేస్తారు, కనుక ఆ పేరు తనకు వద్దన్నారని అందులో ఉంది.

దైవప్రవక్త (స) బలవంతం చేయలేదు, ఆగ్రహించనూ లేదు. విషయం అక్కడితో ముగిసింది. ఆ కుటుంబంలో మాత్రం అది ముగియలేదు. హజ్న్ (రజి) మనవడు సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మ) ఈ సంఘటనను తన శిష్యులకు వినిపిస్తూ, ఆనాటి నుండి తమ వంశంలో ఆ కరుకుదనం పోలేదని చెప్పేవారు. వంశావళి పండితులు కూడా ఆ సంతతిలో ఒక విధమైన దురుసుతనం ఉండేదని పేర్కొన్నారు.

ఇది అపశకునమా?

ఈ హదీసును పైపైన చదివితే "పేరు భారీ పడింది" అనే వారికి మంచి ఆధారం దొరికినట్టే అనిపిస్తుంది. కరుకు పేరు పెట్టారు, కరుకుదనం వచ్చింది అని తేల్చేయవచ్చు. కాని దైవప్రవక్త (స) బోధనల వెలుగులో చూస్తే ఈ అర్థం నిలబడదు.

మొదటిది, ఆయన (స) అపశకునాల నమ్మకాన్ని స్పష్టంగా ఖండించారు. పక్షి ఎటు ఎగిరిందో చూసి ప్రయాణం మానుకునే అజ్ఞానకాలపు ఆచారానికి ఇస్లాంలో చోటు లేదు. మేలైనా కీడైనా అల్లాహ్ నిర్ణయం వల్లే కలుగుతుంది. అక్షరాల్లో, శబ్దాల్లో స్వయంగా హాని కలిగించే శక్తి ఉందని నమ్మడం తౌహీద్‌కు తగదు. జన్మనక్షత్రం చూసి మొదటి అక్షరం నిర్ణయించడం, సంఖ్యాశాస్త్రం పేరుతో పేరులో ఒక అక్షరం పెంచడం లేదా తగ్గించడం కూడా ఈ కోవలోకే వస్తాయి.

రెండోది, పేరే స్వభావాన్ని శాసించే పక్షంలో అనుభవం దానికి సాక్ష్యం పలకాలి. అలా పలకడం లేదు. మక్కాలో 'అబుల్ హకమ్' అని, అంటే వివేకానికి తండ్రి అని, గౌరవంగా పిలువబడిన అమ్ర్ బిన్ హిషామ్ చరిత్రలో అబూ జహల్‌గా, అజ్ఞానానికి తండ్రిగా మిగిలిపోయాడు. అంత గొప్ప బిరుదు అతణ్ణి కాపాడలేదు. మరోవైపు హంజలా అంటే ఎడారి నేల మీద పాకే తీగకు కాసే ఒక చేదు కాయ. ఆ పేరుగల హంజలా బిన్ అబీ ఆమిర్ (రజి) హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహుద్ యుద్ధంలో అమరులైనప్పుడు దైవదూతలు ఆయనకు స్నానం చేయించారు. ఆ చేదు ఆయన విశ్వాసాన్ని తాకలేదు. ఆ పేరు మన ఇళ్ళలో ఈనాటికీ ప్రేమగా పెట్టుకుంటున్నాం.

హుదైబియా సంఘటన ఇంకా ఆలోచింపజేస్తుంది. హిజ్రీ 6వ సంవత్సరంలో (క్రీ.శ. 628) ఖురైషుల తరఫున సంధి మాట్లాడటానికి సుహైల్ బిన్ అమ్ర్ వచ్చాడు. సుహైల్ అన్నది సహ్ల్ అనే పదం నుండి వచ్చిన ముద్దు రూపం. అతణ్ణి చూడగానే దైవప్రవక్త (స), ఇక మీ వ్యవహారం సులభమైందని సహచరులతో శుభాన్ని పలికారు. మరి ఆ 'సులభుడు' ఎలా ప్రవర్తించాడు? ఒప్పంద పత్రంలో రహ్మాన్ అనే దివ్యనామాన్ని వ్రాయనివ్వలేదు. దైవప్రవక్త అనే మాటనూ చెరిపించాడు. పేరు మెత్తన, మనిషి మాత్రం అప్పటికి ఎంతో కరుకు. అయినా ఆ సంధి ముస్లిములకు నిజంగానే మార్గాన్ని సులభం చేసింది. తరువాత సుహైల్ (రజి) కూడా ఇస్లాం స్వీకరించారు. దైవప్రవక్త (స) మరణవార్తకు మక్కావాసులు చలించిపోయినప్పుడు వారు ధర్మం మీద నిలిచేలా ధైర్యం చెప్పినవారిలో ఆయన ముందున్నారు.

దీన్ని బట్టి దైవప్రవక్త (స) పేర్లను ఎలా చూసేవారో అర్థమవుతుంది. చెడు పేరు విని భయపడటం ఆయన పద్ధతి కాదు. మంచి పేరు విని అల్లాహ్ పట్ల మంచి ఆశ పెట్టుకోవడం ఆయనకు ఇష్టం. భయం మనిషిని అల్లాహ్ నుండి దూరం చేసి శబ్దాలకు దాసుణ్ణి చేస్తుంది. మంచి ఆశ అతణ్ణి అల్లాహ్‌కు దగ్గర చేస్తుంది.

అయితే పేర్లు ఎందుకు మార్చారు?

పేరుకు ఏ శక్తీ లేకపోతే దైవప్రవక్త (స) ఎందుకు అంతమంది పేర్లు మార్చారు అనే ప్రశ్న సహజంగా వస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తెకు 'అవిధేయురాలు' అని అర్థమొచ్చే ఆసియా అనే పేరు ఉండగా దాన్ని జమీలా (అందమైనది) అని మార్చారు. తెగిపోయినవాడు అని అర్థమొచ్చే అస్రమ్ అనే వ్యక్తికి జుర్ఆ అని పేరు పెట్టారు. జుర్ఆ అంటే విత్తిన పంట. హర్బ్ అనే పేరును శాంతి అనే అర్థమిచ్చే సిల్మ్‌గా మార్చారు. మనుషులకే కాదు, నేలకూ పేరు మార్చారు. బంజరు అనే అర్థమొచ్చే ఒక ప్రదేశానికి 'ఖజిరా', అంటే పచ్చనిది, అని నామకరణం చేశారు. యస్రిబ్ మదీనా అయింది.

మరో రకం మార్పు కూడా ఉంది. 'బర్రా' అంటే పుణ్యవతి. అర్థం ఎంతో మంచిది. అయినా దాన్ని జైనబ్ అని మార్చారు. మన పుణ్యాన్ని మనమే చాటుకోవడం తగదని, ఎవరు పుణ్యాత్ములో అల్లాహ్‌కే బాగా తెలుసని బోధించారు. రాజాధిరాజు అని పేరు పెట్టుకోవడం అల్లాహ్ దృష్టిలో అత్యంత హేయమైనదని కూడా హెచ్చరించారు. అంటే అవమానపరిచే పేరూ సరికాదు, అహంకారాన్ని పెంచే పేరూ సరికాదు. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన పేర్లు అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అని చెప్పడంలో ఉన్న రహస్యం ఇదే. దాసుడు అనిపించుకోవడంలోనే మనిషికి గౌరవం ఉంది.

ఈ ఉదాహరణలన్నీ కలిపి చూస్తే పేరు అనేది మూడు పనులు చేస్తుందని గ్రహించవచ్చు. అది తల్లిదండ్రులు బిడ్డ కోసం చేసే తొలి దుఆ. ఆ బిడ్డను పిలిచిన ప్రతిసారీ ఆ దుఆ మళ్ళీ పలకబడుతుంది. రెండోది, అది ఒక జ్ఞాపిక. సాబిర్ అనే పిల్లవాడికి తన పేరంటే సహనశీలి అని తెలిస్తే, కోపం వచ్చినప్పుడు ఎవరో ఒకరు, కనీసం అతని మనసు, ఆ మాట గుర్తుచేస్తుంది. మూడోది, అది ఆ ఇంటి విలువలకు సాక్ష్యం. తల్లిదండ్రులు దేన్ని గొప్పదనుకుంటున్నారో వారు పెట్టిన పేరు చెబుతుంది. ఈ మూడింటిలో ఏదీ బిడ్డ చేతులు కట్టివేసేది కాదు. దుఆ, గుర్తు, దిశ ఇవ్వడం పేరు పని. నడవడం మనిషి పని.

తండ్రి పెట్టిన పేరు

ఇప్పుడు హజ్న్ (రజి) ఇచ్చిన జవాబును చూద్దాం. తండ్రి పెట్టిన పేరు మార్చుకోను అనడంలో తప్పేముంది? తండ్రిని గౌరవించమని ఇస్లాం చెప్పలేదా?

తప్పకుండా చెప్పింది. తండ్రుల పేర్లతోనే మనుషులను పిలవాలని ఖుర్ఆన్ ఆదేశించింది (33:5). తమకు మగబిడ్డ కలిగినప్పుడు దైవప్రవక్త (స) ఆ రాత్రే పేరు పెట్టి, తమ పితామహుడైన ఇబ్రాహీమ్ (అలై) పేరు పెట్టానని సహచరులకు తెలియజేశారు. కనుక పెద్దల పేరు నిలబెట్టడం సున్నతుకు విరుద్ధం కాదు. ఉలమాల వివరణ ప్రకారం హజ్న్ (రజి)కి చెప్పినది ఆజ్ఞ కాదు, హితవు. అందుకే ఆయన మీద పాపం మోపలేం. ఆయన సహాబీ. యమామా యుద్ధంలో అమరులయ్యారని చరిత్ర గ్రంథాలలో ఉంది. అలాంటి వారి గురించి మన నాలుకలు అదుపులో ఉండాలి.

అయినా ఒక సున్నితమైన విషయం ఇక్కడ ఉంది. సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మ) తన తండ్రి నుండి ఉల్లేఖించిన మరో ప్రసిద్ధ హదీసు కూడా బుఖారీలో ఉంది. అది అబూ తాలిబ్ మరణశయ్య గురించినది. దైవప్రవక్త (స) కలిమా పలకమని ఎంత బ్రతిమాలినా, ప్రక్కనే ఉన్న అబూ జహల్, అతని తోటివాడు తండ్రి అబ్దుల్ ముత్తలిబ్ ధర్మాన్ని గుర్తుచేస్తూ ఉంటే, ఆయన చివరికి తండ్రి మార్గంమీదే ఉన్నానని చెప్పి వెళ్ళిపోయారు. ఈ రెండు సంఘటనలూ సమానం కావు. ఒకటి పేరు విషయం, రెండోది విశ్వాసం విషయం. కాని రెంటినీ మనకు అందించిన కుటుంబం ఒక్కటే. మా తండ్రి తాతలు ఇలాగే చేశారు అనే మాట ఒక హద్దు వరకు గౌరవం, ఆ హద్దు దాటితే అడ్డుగోడ అని ఆ ఇంటివారికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

మా దృష్టిలో సయీద్ (రహ్మ) మాటలోని భావం ఇదే. పేరులోని అక్షరాలు ఆ ఇంటి మీద పగబట్టలేదు. ఇంత మృదువుగా అందించిన కానుకను వద్దనేలా చేసిన స్వభావం ఏదో ఉంది కదా, అదే ఇంట్లో ఒకరి నుండి ఒకరికి సంక్రమించింది. పిల్లలు తండ్రుల పేర్లకంటే ముందు తండ్రుల తీరును నేర్చుకుంటారు. తాత ఏ సమయంలో తగ్గాడో, ఏ సమయంలో తగ్గలేదో మనవళ్ళు చూస్తారు, కథలుగా వింటారు. కరుకుదనం మా వంశ లక్షణం అని గొప్పగా చెప్పుకునే ఇంట్లో కరుకుదనం పోదు. సయీద్ (రహ్మ) దాన్ని గొప్పగా చెప్పలేదు, దాచిపెట్టనూ లేదు. అంతటి పండితుడై ఉండి తన ఇంటి లోపాన్ని శిష్యుల ముందు పాఠంగా ఉంచారు. దిద్దుకోవడం ఇక్కడి నుండే మొదలవుతుంది.

మెత్తని నేలను తొక్కుతారా?

అబూ దావూద్ ఉల్లేఖనంలోని మాట ఈనాటికీ మన చుట్టూ వినిపిస్తుంది. "మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు" అని మనం కూడా అంటుంటాం. మగపిల్లవాడు మెత్తగా ఉంటే తల్లిదండ్రులు దిగులుపడతారు. వాడు ఒకరిని కొట్టి వస్తే లోలోపల మురిసిపోయే తండ్రులూ ఉన్నారు. మగతనమంటే కరుకుదనం అనే ఈ భావన ఇంట్లో భార్య మీద, పిల్లల మీద, దుకాణంలో పనివాడి మీద పడుతుంది.

మెత్తని నేలను తొక్కుతారన్నది నిజమే. కాని దున్నేది, విత్తేది, పంట పండేది కూడా ఆ నేలలోనే. కరుణామయుని దాసులు భూమి మీద నమ్రతతో నడుస్తారని, మూర్ఖులు వాదానికి దిగితే సలాం చెప్పి తప్పుకుంటారని ఖుర్ఆన్ వర్ణించింది (25:63). దైవప్రవక్త (స) గనక కఠిన హృదయులై ఉంటే జనం ఆయన చుట్టుప్రక్కల నుండి చెదిరిపోయేవారని చెప్పింది (3:159). ప్రజలకు దగ్గరగా, నెమ్మదిగా, 'సహ్ల్'గా ఉండేవాడి మీద నరకాగ్ని నిషేధించబడుతుందని తిర్మిజీ హదీసులో ఉంది. ఆనాడు హజ్న్ (రజి)కి పేరుగా ఇవ్వజూపిన పదమే ఇక్కడ స్వర్గవాసి గుణంగా వచ్చింది.

మరి కరుకుదనంలో మేలే లేదా? ఇక్కడ సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మ) జీవితమే సమాధానం చెబుతుంది. ఆయన హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో పుట్టి, హిజ్రీ 94 ప్రాంతంలో మరణించారు. హజ్రత్ అబూ హురైరా (రజి)కి అల్లుడు. మదీనాకు చెందిన ఏడుగురు ప్రసిద్ధ ఫఖీహుల్లో అగ్రగణ్యులు. ప్రభుత్వ భత్యానికి చేయి చాచకుండా నూనె వ్యాపారం చేసుకుని బ్రతికారు. ఖలీఫా అబ్దుల్ మలిక్ తన తరువాత కొడుకులు వలీద్, సులైమాన్‌ల కోసం ముందుగానే ప్రమాణం చేయమన్నప్పుడు ఆయన నిరాకరించారు. మదీనా గవర్నరు కొరడా దెబ్బలు కొట్టించాడు. ఆయన మాట మార్చలేదు. అదే ఖలీఫా తన కొడుకు వలీద్‌కు ఆయన కూతురినిమ్మని కబురు పంపితే కాదన్నారనీ, ఆ అమ్మాయిని అబూ వదాఆ అనే పేద శిష్యుడికి రెండు మూడు దిర్హముల మహర్‌తో ఇచ్చి, స్వయంగా అతని గుమ్మం దాకా తీసుకువెళ్ళారనీ చరిత్రకారులు వ్రాశారు.

ఇదీ ఆ వంశపు కరుకుదనమే. కాని అది ఎవరి ముందు కరుకుగా నిలబడిందో చూడండి. ఖలీఫా ముందు రాయిలా నిలిచింది. పేద శిష్యుడి గుమ్మం ముందు మెత్తని నేల అయింది. తాతలో తండ్రి పేరు కోసం నిలిచిన పట్టుదల, మనవడిలో సత్యం కోసం నిలిచింది. స్వభావం అనేది అల్లాహ్ ఇచ్చిన ముడిసరుకు. దాన్ని ఎక్కడ వాడాలో నేర్పేది ధర్మం. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫా అయిన తొలిరోజుల్లో, తాను కఠినుణ్ణని, తనను మెత్తబరచమని అల్లాహ్‌ను వేడుకున్నట్టు ఉల్లేఖనాలున్నాయి. స్వభావం మారనిదే అయితే ఆ దుఆకు అర్థమే ఉండదు.

దైవప్రవక్త (స) ఒక హదీసులో తాము తెచ్చిన జ్ఞానాన్ని వర్షంతో పోల్చారు. వర్షం కొంత మంచి నేల మీద కురిస్తే అది నీళ్ళు పీల్చుకుని గడ్డినీ మొక్కలనూ మొలిపిస్తుంది. కొంత గట్టి నేల మీద కురిస్తే ఏమీ మొలవకపోయినా నీరు నిలుస్తుంది. మనుషులు త్రాగుతారు, పశువులకు పెడతారు, పొలాలకు పారిస్తారు. ఇంకొంత నేల చదునుగానే ఉంటుంది కాని నీళ్ళను నిలుపదు, ఏమీ మొలిపించదు. ఈ హదీసులో వచ్చిన పదాలు హజ్న్, సహ్ల్ కావు. కాని మన చర్చకు కావలసిన వివేకం ఇందులో ఉంది. నేల గట్టిదైనా వాన నీటిని పట్టి ఉంచితే లోకానికి ఉపకారమే. చూడటానికి చదునుగా ఉన్నంత మాత్రాన నేల మేలైనది అయిపోదు. అందరి ముందూ నవ్వుతూ, ఏ మాటకూ కట్టుబడని మెత్తదనం ఆ మూడో నేల వంటిది. అది సున్నతులోని మృదుత్వం కాదు.

మన ఇళ్ళకు కొన్ని మాటలు

ఈ చర్చ మన ఇళ్ళలో ఆచరణలోకి రావాలి.

మొదటి మాట అర్థం గురించి. పేరు అరుదుగా ఉండాలనుకోవడంలో దోషం లేదు. జకరియ్యా (అలై)కు అల్లాహ్ శుభవార్త ఇస్తూ, అంతకు మునుపు ఎవరికీ ఇవ్వని యహ్యా అనే పేరును ఆ బిడ్డకు ప్రసాదించాడు (19:7). కాని అరుదైనది అన్నంత మాత్రాన అది శ్రేష్ఠమైనది కాదు. ఖుర్ఆన్‌లో ఉంది కదా అనడం కూడా చాలదు. ఖుర్ఆన్‌లో ఫిరౌన్, హామాన్, ఖారూన్ పేర్లు కూడా ఉన్నాయి.

రెండో మాట లిపి గురించి. తెలుగులో వ్రాసినప్పుడు అరబీ అక్షరాల తేడాలు చెరిగిపోతాయి. ఫిరౌన్ భార్య అయిన పుణ్యవతి ఆసియా పేరు, దైవప్రవక్త (స) మార్చిన ఆ ఆసియా పేరు తెలుగులో ఒకేలా కనిపిస్తాయి. అరబీలో అక్షరాలు వేరు, అర్థాలు వేరు. 'అలీమ్' అన్న పదం ఒక అక్షరంతో వ్రాస్తే సర్వం తెలిసినవాడు, మరో అక్షరంతో వ్రాస్తే బాధాకరమైనది. అందువల్ల పేరు పెట్టేముందు అరబీ తెలిసిన ఆలిమ్ చేత అక్షరాలు వ్రాయించుకుని చూసుకోవాలి. జనన ధృవీకరణ పత్రం నుండి ఆధార్ వరకు, పదో తరగతి మార్కుల మెమో వరకు ఆ పేరే నడుస్తుంది. తరువాత మార్చుకోవడం పెద్ద పని.

మూడో మాట, ఇప్పటికే పెట్టిన పేర్ల గురించి. బిడ్డ పేరులో షిర్క్ ఉన్నా, నీచమైన అర్థం ఉన్నా మార్చడమే సున్నతు. ఈ విషయంలో తాత మనసు నొచ్చుకుంటుందని వెనకాడకూడదు, మృదువుగా ఒప్పించాలి. అర్థంలో దోషం లేనప్పుడు జబ్బుకు పేరును కారణం చేయకండి. జ్వరానికి వైద్యం చేయించండి, దుఆ చేయండి. మొండితనానికి ఓపికగా తర్బియత్ ఇవ్వండి. "నీ పేరే అలాంటిది" అని పదేపదే విన్న పిల్లవాడు చివరికి దాన్నే నమ్ముతాడు. అప్పుడు తప్పు పేరుది కాదు, మన నాలుకది.

నాలుగో మాట, మనం పెట్టే రెండో పేరు గురించి. బిడ్డకు అబ్దుర్రహ్మాన్ అని పేరు పెట్టి, ఇంట్లో "ఒరేయ్ మొద్దూ", "నల్లోడా" అని పిలిచేవారున్నారు. అఖీఖా రోజున ఒక్కసారి పెట్టిన పేరు కంటే రోజుకు ఇరవైసార్లు పిలిచిన పేరే మనసులో నాటుకుంటుంది. చెడ్డ మారుపేర్లతో ఒకరినొకరు పిలుచుకోవద్దని ఖుర్ఆన్ వారించింది (49:11). ఈ ఆయతు బజారులోని మనుషులకే పరిమితం కాదు, మన వంటింటికీ వర్తిస్తుంది.

చివరి మాట మన గురించి. మనలో చాలామందికి మన పేరుకు అర్థం తెలుసు. ఆ అర్థానికి మనం ఎంత దగ్గరగా ఉన్నామో మాత్రం ఆలోచించం. అమీన్ అనే పేరుగలవాడు తన తూకంలో, తన మాటలో నమ్మకస్తుడేనా? కరీమ్ దాసుడు అనిపించుకునేవాడు ఇంటికి వచ్చిన అతిథికి, గుమ్మంలో నిలిచిన పేదకు ఏం ఇస్తున్నాడు? ఏ ప్రాణీ మరొకరి భారాన్ని మోయదని ఖుర్ఆన్ చెప్పింది (6:164). తాత కరుకుదనం మనవడిపై నేరం కాదు, తాత మంచి పేరు మనవడికి పుణ్యమూ కాదు. ఎవరి కర్మల పత్రం వారిదే. తండ్రి పెట్టిన పేరుతో మనం పుట్టాం. ఆ పేరు వినగానే జనానికి ఏ గుణం గుర్తుకు వస్తుందో మాత్రం మన ఆచరణే నిర్ణయిస్తుంది. దైవప్రవక్త (స)కు నబువ్వత్‌కు ముందే అస్సాదిఖ్, అల్ అమీన్ అనే పేర్లను మక్కా ప్రజలు పెట్టారు. అవి ఏడో రోజున పెట్టిన పేర్లు కావు, నలభై ఏళ్ళ నడవడి చూసి పెట్టినవి.

అల్లాహ్ మన సంతానానికి మంచి పేర్లు పెట్టే వివేకాన్ని, ఆ పేర్లకు తగిన గుణాలను ప్రసాదించుగాక! సత్యం విషయంలో మన పాదాలను స్థిరపరచి, తోటివారి విషయంలో మన హృదయాలను మెత్తబరచుగాక! ఆమీన్.